18,400 రూపాయల సర్వీసింగ్ బిల్లు: ఏది అవసరం, ఏది కాదు? వందేళ్ల కథ

ఈ రోజు ఎపిసోడ్ ఒక కాగితంతో మొదలవుతుంది. మా నాన్న కారు సర్వీసింగ్‌కి ఇస్తే షోరూమ్ వాళ్లు ఇచ్చిన ఎస్టిమేట్ కాగితం. రెండేళ్లుగా దాచిపెట్టుకున్నా. ఎందుకు దాచుకున్నానో ఎపిసోడ్ అయ్యేసరికి మీకే తెలుస్తుంది.

కారు చిన్నదే, పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్. మా చుట్టాల దగ్గర సెకండ్ హ్యాండ్‌లో కొన్నాం. అప్పటికే ఆరేళ్ల బండి. కాగితం మీద పది ఐటమ్‌లు ఉన్నాయి, చదువుతా వినండి. ఇంజిన్ ఆయిల్, ఆయిల్ ఫిల్టర్ కలిపి 3,100. ఎయిర్ ఫిల్టర్ 450. ఇంజిన్ ఫ్లష్ 650. ఇంజెక్టర్ క్లీనింగ్ 1,900. త్రాటిల్ బాడీ క్లీనింగ్ 900. ఏసీ డిస్‌ఇన్ఫెక్షన్ 1,350. అండర్ బాడీ కోటింగ్ 3,900. టెఫ్లాన్ కోటింగ్ 4,200. వీల్ అలైన్‌మెంట్, బ్యాలెన్సింగ్ 1,100. బ్రేక్ ఆయిల్ మార్చడం 850. మొత్తం 18,400 రూపాయలు.

నేను అప్పుడు సాఫ్ట్‌వేర్ జాబ్‌లో ఉన్నా. బీటెక్ చదివాం కదా, మనకి తెలియనిదేముంది అనే పొగరు కూడా బాగానే ఉంది. దానికి తోడు ముందు రోజు రాత్రే "షోరూమ్ బిల్లు మొత్తం మోసమే" అనే వీడియో ఒకటి చూశా. సర్వీస్ అడ్వైజర్ "సార్, ఇవన్నీ రికమెండెడ్ సార్" అనగానే నాకు మండింది. "ఆయిల్, ఫిల్టర్ మార్చండి చాలు, మిగతావి ఏవీ వద్దు" అన్నా. 15,300 రూపాయలు మిగిల్చానని ఇంటికొచ్చి అమ్మ దగ్గర గొప్పలు కూడా చెప్పుకున్నా.

అందులో ఒక తప్పు చేశాను. అది ఏంటో చెప్పే ముందు అసలు ఈ పది ఐటమ్‌లు కాగితం మీదకి ఎలా వచ్చాయో తెలుసుకోవాలి. ఎందుకంటే వీటిలో చాలావాటి వెనక ఒకప్పుడు నిజమైన సమస్య ఉంది. కొన్ని సమస్యలు పోయాయి, సర్వీస్ మిగిలింది. కొన్ని సమస్యలు ఇంకా అలాగే ఉన్నాయి. ఈ తేడా తెలియకపోతే మనం రెండు రకాలుగానూ మోసపోతాం.

1908: ఫిల్టర్ లేదు, పంపు లేదు

మొదట ఇంజిన్ ఆయిల్ సంగతి. 1908లో అమెరికాలో ఫోర్డ్ మోడల్ టీ వచ్చింది. దాని ఇంజిన్‌లో ఆయిల్ పంపు లేదు, ఆయిల్ ఫిల్టర్ కూడా లేదు. కింద ఉన్న ఆయిల్‌ని తిరిగే భాగాలే పైకి చిమ్ముతాయి, ఆ చిమ్మిందే అన్నిటికీ అందాలి. రోడ్లు చూస్తే మట్టి రోడ్లు. దుమ్ము అంతా లోపలికే. ఆ ఆయిల్‌లో మసిని కడిగి పట్టుకునే మందులు కూడా ఏమీ కలపలేదు. అందుకే కంపెనీ ఏం చెప్పిందంటే, కొత్త బండికి 400 మైళ్లకి ఒకసారి, ఆ తర్వాత సుమారు 750 మైళ్లకోసారి ఆయిల్ దింపేయండి అని. 750 మైళ్లు అంటే దాదాపు 1,200 కిలోమీటర్లు. ఇప్పుడు హైదరాబాద్ నుంచి తిరుపతికి వెళ్లి వస్తే ఆయిల్ మార్చే టైమ్ వచ్చేసినట్టే.

ఇక్కడ మన ఊళ్ల కనెక్షన్ ఒకటి ఉంది. క్యాస్ట్రాల్ అనే పేరు అందరికీ తెలుసు. చార్లెస్ వేక్‌ఫీల్డ్ అనే ఇంగ్లండ్ వ్యాపారి 1909లో ఆ పేరు పెట్టాడు. ఆ పేరు క్యాస్టర్ నుంచి వచ్చింది. క్యాస్టర్ అంటే ఆముదమే! మన నల్గొండ, మహబూబ్‌నగర్ చెలకల్లో పండే ఆముదాలు. ఆముదం వేడికి పలచబడిపోకుండా ఇనుముకి బాగా అంటుకుని ఉంటుంది, అందుకే మొదటి ప్రపంచ యుద్ధం విమానాల ఇంజిన్లలో కూడా వాడారు. కానీ ఒక చిక్కుంది. కొన్నాళ్లకి అది జిగురులా గట్టిపడుతుంది. మరి అలాంటి నూనెలు వాడే కాలంలో ఆయిల్ తరచుగా మార్చకపోతే ఇంజిన్ పోతుంది. అది మోసం కాదు, అప్పటి అవసరం.

తర్వాత ఒక్కొక్కటే మారుతూ వచ్చింది. 1923లో ప్యూరొలేటర్ అనే ఆయిల్ ఫిల్టర్ వచ్చింది. 1930లు, 40లలో ఆయిల్‌లో మసిని కడిగే మందులు, అరుగుదల తగ్గించే మందులు కలపడం మొదలైంది. 1950లలో చలికీ వేడికీ రెండిటికీ పనికొచ్చే మల్టీగ్రేడ్ ఆయిల్స్ వచ్చాయి. ఆ తర్వాత సింథటిక్ ఆయిల్స్. ఇంకో వైపు పెట్రోల్, డీజిల్ కూడా శుభ్రపడ్డాయి. ఇంధనంలో గంధకం ఉంటే అది మండి ఆసిడ్ అవుతుంది, ఆ ఆసిడ్ ఆయిల్‌ని పాడుచేస్తుంది. మన దేశంలో 1990ల మొదట్లో డీజిల్‌లో గంధకం ఒక శాతం దాకా ఉండేది. అంటే పది లక్షల భాగాల్లో 10,000. 2020 ఏప్రిల్ 1న బీఎస్ 6 వచ్చాక అది పది లక్షల్లో 10 భాగాలు. అంటే వెయ్యో వంతుకి పడిపోయింది!

ఆయిల్ మారింది, ఫిల్టర్ మారింది, ఇంధనం మారింది. మరి ఆయిల్ మార్చే గడువు మారిందా? కంపెనీ పుస్తకంలో మారింది. జనం తలకాయలో మారలేదు.

3,000 మైళ్లు అనే నమ్మకం

అమెరికాలో "3,000 మైళ్లకోసారి ఆయిల్ మార్చాలి" అనేది దాదాపు సామెతలాగా అయిపోయింది. 3,000 మైళ్లు అంటే సుమారు 5,000 కిలోమీటర్లు. కొన్ని బండ్లకి అది నిజమే. ఫోక్స్‌వ్యాగన్ బీటిల్ ఉంది కదా, దాని పాత ఇంజిన్‌లో కాగితం ఫిల్టర్ లేదు, జల్లెడ లాంటి స్ట్రెయినర్ మాత్రమే ఉంటుంది. దానికి 3,000 మైళ్ల గడువు న్యాయమే. కానీ కార్లు మారినా అంకె అలాగే ఉండిపోయింది. పది నిమిషాల్లో ఆయిల్ మార్చే దుకాణాలు 1970లు, 80లలో వీధికొకటి వచ్చాయి. మీరు ఏడాదికి ఒకసారి వస్తే ఆ దుకాణం ఎలా నడుస్తుంది? మూడు నాలుగు సార్లు రావాలి. కాబట్టి విండ్‌షీల్డ్ మూలన "మళ్లీ ఎప్పుడు రావాలి" అని స్టిక్కర్ అంటించి పంపించేవాళ్లు. ఆ స్టిక్కర్ మన దగ్గర కూడా ఉంది, మీ కారులో ఇప్పుడే చూడండి.

ఒక సాఫ్ట్‌వేర్ వాడిగా నాకు బాగా నచ్చిన విషయం ఇప్పుడు చెప్తా. జనరల్ మోటార్స్‌లో షిర్లీ ష్వార్ట్జ్, డొనాల్డ్ స్మొలెన్‌స్కీ అనే శాస్త్రవేత్తలు 1980లలో దీని మీద పని చేశారు. ఆయిల్ ఎప్పుడు పాడవుతుందో కిలోమీటర్లు చెప్పవు, బండి ఎలా నడిచిందో చెప్తుంది అన్నారు. ఇంజిన్ ఎన్ని చుట్లు తిరిగింది, ఆ చుట్లు ఎంత వేడిలో తిరిగాయి అని కంప్యూటర్ లెక్క కడుతుంది. ఆయిల్‌లో ముంచిన సెన్సర్ ఏమీ లేదు, ఉత్త లెక్కే. చల్లటి ఇంజిన్‌తో రెండు కిలోమీటర్లు తిప్పి ఆపేస్తే ఆయిల్ తొందరగా పాడవుతుంది, హైవే మీద ఏకధాటిగా నడిపితే నెమ్మదిగా పాడవుతుంది. 1980ల చివర్లో అది కార్లలోకి వచ్చింది. ఆ తర్వాత కాలిఫోర్నియా రాష్ట్ర ప్రభుత్వమే జనానికి "3,000 అనే అంకె వదిలేయండి, మీ కారు పుస్తకంలో ఉన్న అంకె చూసుకోండి" అని ప్రచారం చేసింది. వాళ్ల బాధ డబ్బు గురించి మాత్రమే కాదు. అనవసరంగా పారబోసే నల్ల ఆయిల్ గురించి.

మన దగ్గర ఇప్పటి పెట్రోల్ కార్లలో చాలావాటికి 10,000 కిలోమీటర్లు లేదా ఏడాది, ఏది ముందైతే అది. కానీ అదే పుస్తకంలో చిన్న అక్షరాల్లో ఇంకో మాట ఉంటుంది. దుమ్ములో, ట్రాఫిక్‌లో, చిన్న చిన్న దూరాలు తిప్పితే ఆ గడువు తగ్గించండి అని. అమీర్‌పేట నుంచి హైటెక్ సిటీకి రోజూ గంటన్నర ట్రాఫిక్‌లో నడిపే బండి, నెలకోసారి విజయవాడ వెళ్లొచ్చే బండి ఒకటి కాదు. కాబట్టి షోరూమ్ వాళ్లు ఆయిల్ ముందే మార్చమంటే అది ప్రతిసారీ మోసం అనుకోకూడదు.

అంబాసిడర్ రోజులు, ఆటోనగర్ చేతులు

ఇప్పుడు మన దేశానికి వద్దాం. హిందుస్థాన్ మోటార్స్ అంబాసిడర్ 1957లో మొదలై 2014 మే దాకా తయారైంది. ఇంగ్లండ్‌లోని మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ 3 డిజైనే ఇది. ఇంకోటి బొంబాయి కుర్లాలో తయారైన ప్రీమియర్ పద్మిని, అసలు ఫియట్ 1100. ఈ రెండు బండ్లున్న ఇళ్లలో పెరిగిన పెద్దవాళ్లని అడగండి, సర్వీసింగ్ అంటే ఏంటో చెప్తారు.

ముందు చక్రాల దగ్గర గ్రీజు నిపుల్స్ ఉండేవి. గ్రీజు గన్ పెట్టి కొట్టాలి, పాత గ్రీజు బయటికి రావాలి. లేకపోతే కింగ్ పిన్నులు అరిగి స్టీరింగ్ ఊగుతుంది. ఇంకా డిస్ట్రిబ్యూటర్‌లో పాయింట్లు ఉండేవి. ప్రతి నిప్పురవ్వకీ ఆ పాయింట్లు తెరుచుకుని మూసుకోవాలి. అవి కాలిపోతాయి, మధ్య ఖాళీ మారిపోతుంది. గరుకు కాగితంతో రుద్ది, గేజీ పెట్టి ఖాళీ సరిచేయాలి. కార్బొరేటర్ జెట్లలో చెత్త ఇరుక్కుంటుంది, విప్పి ఊదాలి. పెట్రోల్‌లో సీసం ఉండేది, ప్లగ్గుల మీద పేరుకుంటుంది, విప్పి తుడవాలి. వాల్వుల ఖాళీ సరిచూడాలి. వీటన్నిటినీ కలిపి "ట్యూనింగ్" అనేవాళ్లు. ట్యూనింగ్ చేయించకపోతే బండి పొద్దున్నే స్టార్ట్ అవదు, మైలేజీ పడిపోతుంది. నిజంగా అవసరం.

ఆ పని నేర్చిన చేతులు మన దగ్గర బోలెడు. విజయవాడ ఆటోనగర్ 1960లలో మొదలైంది. లారీ బాడీల దగ్గర్నుంచి రేడియేటర్ మాట్లు దాకా అన్నీ అక్కడే. ఆ రోజుల్లో మెకానిక్ చెవి పెట్టి విని ఏం పోయిందో చెప్పేవాడు. ఇప్పటికీ మా వీధి చివర భాయ్ అలాగే చెప్తాడు.

1983 డిసెంబర్ 14న ఢిల్లీలో ఇందిరాగాంధీ చేతుల మీదుగా మొదటి మారుతీ 800 తాళాలు ఇచ్చారు. దాని ధర 50 వేల లోపే. అది తక్కువ పని పెట్టే బండి. దాంతోపాటు ఇంకొకటి అలవాటైంది. కంపెనీ సర్వీస్ స్టేషన్, సర్వీస్ పుస్తకం, ఫ్రీ సర్వీస్ కూపన్లు. అంతకుముందు కారు చెడిపోతే మెకానిక్ దగ్గరికి వెళ్లేవాళ్లం. ఇప్పుడు చెడిపోకపోయినా తేదీ ప్రకారం వెళ్లడం మొదలైంది. ఫ్రీ సర్వీస్ అంటే కూలి మాత్రమే ఫ్రీ, ఆయిల్, ఫిల్టర్ మన డబ్బే. అది మీకు తెలుసు కదా.

తర్వాత 2000 సంవత్సరం. ఆ ఫిబ్రవరి 1 నుంచి దేశమంతా సీసం లేని పెట్రోల్. ఆ ఏప్రిల్ నుంచి దేశమంతా కొత్త ఎమిషన్ నిబంధనలు. వాటిని అందుకోవడానికి కార్లలో కార్బొరేటర్ పోయి ఎంపీఎఫ్‌ఐ వచ్చింది, అంటే కంప్యూటర్ చెప్పినంత పెట్రోల్‌ని ఇంజెక్టర్లు చిమ్ముతాయి. పాయింట్లు పోయాయి, ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ వచ్చింది. అమెరికాలో క్రైస్లర్ 1973కే తన కార్లన్నిటికీ ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ పెట్టేసింది, మనకి పాతికేళ్లు పట్టింది. గ్రీజు నిపుల్స్ పోయి జీవితకాలం గ్రీజు నింపి సీల్ చేసిన జాయింట్లు వచ్చాయి.

ఒక్క దెబ్బతో ట్యూనింగ్ అనే పనంతా మాయమైపోయింది. ఇక్కడ ఆగి ఒక్కసారి ఆలోచించండి. పని మాయమైంది. మరి వర్క్‌షాప్ అద్దె మాయమైందా? లిఫ్టులు, జీతాలు, కరెంటు బిల్లు మాయమయ్యాయా?

ఖాళీ అయిన చోటు ఎలా నిండింది

కొత్త కారు అమ్మితే డీలర్‌కి మిగిలేది తక్కువ. షోరూమ్ నడిచేది చాలావరకు సర్వీసింగ్, స్పేర్ పార్టుల మీద. కార్లు బాగుపడిన కొద్దీ చేయాల్సిన పని తగ్గుతుంది. ఆ ఖాళీలోకి వచ్చినవే ఇంజిన్ ఫ్లష్, డీకార్బనైజింగ్, ఇంజెక్టర్ క్లీనింగ్, టెఫ్లాన్ లాంటివి. షోరూమ్ భాషలో వీటిని వాల్యూ యాడెడ్ సర్వీసెస్ అంటారు. ఎవరికి వాల్యూ అనేది మాత్రం చెప్పరు!

ఇది మన దేశం సమస్య మాత్రమే కాదు, కొత్తది కూడా కాదు. 1941లో రీడర్స్ డైజెస్ట్ పత్రిక తరఫున ఒక పరీక్ష చేశారు. బాగా నడిచే కారులో కావాలనే ఒక కాయిల్ వైరు ఊడదీసి, అమెరికా మొత్తం తిరుగుతూ 347 గ్యారేజీలకి చూపించారు. ఆ వైరు మళ్లీ తగిలించడం నిమిషం పని. 129 గ్యారేజీలు నిజాయితీగా ఉన్నాయి. మిగతా 63 శాతం ఎక్కువ డబ్బు గుంజడమో, చేయని పనికి బిల్లు వేయడమో, అక్కర్లేని పని చేయడమో చేశాయి.

యాభై ఏళ్ల తర్వాత, 1992లో కాలిఫోర్నియాలో ఇంకొకటి జరిగింది. సియర్స్ అనే పెద్ద కంపెనీకి ఆటో సెంటర్లు ఉండేవి. రాష్ట్ర అధికారులు మామూలు కస్టమర్లలా కార్లు తీసుకెళ్లారు. దాదాపు 90 శాతం సార్లు అక్కర్లేని రిపేర్లు అంటగట్టారని అధికారులు చెప్పారు. అక్కడి ఉద్యోగులందరూ దొంగలా? కాదు. కొంతకాలం ముందే కంపెనీ జీతం పద్ధతి మార్చింది. సర్వీస్ అడ్వైజర్లకి అమ్మిన దాన్ని బట్టి కమీషన్, పైగా ఇన్ని అమ్మాలని టార్గెట్. గొడవ బయటపడ్డాక కంపెనీ మొదట చేసిన పనుల్లో ఒకటి ఆ కమీషన్ పద్ధతి తీసేయడం.

ఇది విన్నాక మన సర్వీస్ అడ్వైజర్ మీద నా కోపం కొంచెం తగ్గింది. నా వయసు కుర్రాడే, అతనూ ఇంజినీరింగ్ చేసి ఉంటాడు. నాకు ఆఫీసులో స్ప్రింట్ టార్గెట్ ఉన్నట్టు అతనికీ ఒక టార్గెట్ ఉండొచ్చు. అతన్ని తిట్టి లాభం లేదు. అడగాల్సింది అడగడం నేర్చుకోవాలి.

"బయట చేయిస్తే వారంటీ పోతుంది" అనే మాట మీరు కూడా వినే ఉంటారు. అమెరికాలో 1975లోనే మాగ్నసన్ మాస్ వారంటీ చట్టం వచ్చింది. వారంటీ కావాలంటే మా షాపులోనే చేయించాలి, మా బ్రాండ్ పార్టే వాడాలి అని డబ్బులు తీసుకుంటూ షరతు పెట్టకూడదని అందులో ఉంది. మన దగ్గర 2011లో ఒక పౌరుడు కాంపిటీషన్ కమిషన్‌కి ఫిర్యాదు చేశాడు. మొదట మూడు కంపెనీల మీద. విచారణ పెరిగి పెరిగి, 2014 ఆగస్టు 25న కమిషన్ 14 కార్ల కంపెనీలకి కలిపి సుమారు 2,544 కోట్ల రూపాయల జరిమానా వేసింది. స్పేర్ పార్టులు, రిపేరు సమాచారం బయట మెకానిక్‌లకి అందనివ్వడం లేదని, బయట చేయిస్తే వారంటీ రద్దు అని బెదిరిస్తున్నారని కమిషన్ తేల్చింది. జరిమానా మీద అప్పీళ్లు నడిచాయి, అది వేరే కథ. 2022 డిసెంబర్‌లో కేంద్ర వినియోగదారుల శాఖ రైట్ టు రిపేర్ పోర్టల్ మొదలుపెట్టింది. మొబైల్స్, ఇంట్లో సామాన్లు, వ్యవసాయ యంత్రాలతో పాటు కార్లూ బైకులూ అందులో ఉన్నాయి.

ఇక్కడిదాకా వింటే నేను ఆ రోజు చేసింది కరెక్టే అనిపిస్తుంది కదా. ఇప్పుడు నా తప్పు చెప్తా.

850 రూపాయలు

ఆ సర్వీసింగ్ అయిన రెండు నెలలకి శ్రీశైలం బయలుదేరాం. నాన్న, అమ్మ, చెల్లి, నేను. మన్ననూరు దాటి నల్లమల అడవిలోకి వెళ్లాం, అంతా బాగుంది. దోమలపెంట దాటాక డ్యామ్ వైపు ఘాట్ దిగాలి. నాకు ఘాట్‌లో నడపడం అప్పటికి పెద్దగా రాదు. చిన్న గేర్‌లో వేసి దిగాలని తెలియక, పెద్ద గేర్‌లోనే ఉంచి బ్రేకు మీద కాలు పెట్టి దిగుతున్నా. కొన్ని మలుపులయ్యాక పెడల్ మెత్తబడింది. ఇంకో మలుపులో నొక్కితే స్పాంజ్ మీద కాలు పెట్టినట్టు కిందికి వెళ్లిపోయింది. బండి ఆగడం లేదు.

నాన్న "సెకండ్‌లో వెయ్యిరా" అని అరిచాడు. వేశా, ఇంజిన్ గీపెట్టింది, బండి నెమ్మదించింది. హ్యాండ్ బ్రేక్ కొంచెం కొంచెం లాగుతూ కొండ వైపు ఆనించి ఆపా. అమ్మ ఏమీ మాట్లాడలేదు. చెల్లి ఏడ్చింది. ముప్పావు గంట అక్కడే కూర్చున్నాం. చల్లారాక పెడల్ మళ్లీ గట్టిపడింది. మొదటి గేర్‌లో పాకుతూ దిగి, వంతెన దాటి, సున్నిపెంటలో ఒక మెకానిక్ దగ్గరికి చేరాం. ఆయన మూత తీసి వేలితో చూసి, "ఎన్నేళ్లయింది సార్ బ్రేక్ ఆయిల్ మార్చి?" అన్నాడు. రంగు చూస్తే టీ డికాక్షన్‌లా ఉంది. పుస్తకంలో రెండేళ్లకోసారి మార్చాలని ఉంది. ఆరేళ్లలో ఒక్కసారి కూడా మార్చలేదు.

ఇది ఎందుకు జరిగిందంటే, బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమని పీల్చుకుంటుంది. బండి నడవకపోయినా పీల్చుకుంటుంది. డాట్ 3 రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల దాకా మరగకూడదు. తేమ పట్టాక ఆ హద్దు 140 డిగ్రీలకి పడిపోతుంది. డాట్ 4 అయితే 230 నుంచి 155కి. ఘాట్‌లో బ్రేకులు కాలిపోయే వేడికి అది మరిగి ఆవిరి అవుతుంది. ద్రవాన్ని నొక్కితే బ్రేక్ పడుతుంది, ఆవిరిని నొక్కితే ఆవిరి ముడుచుకుపోతుందంతే. మోడల్ టీ కాలం నాటి ఆయిల్ సమస్య పోయింది, అంబాసిడర్ పాయింట్ల సమస్య పోయింది. ఇది మాత్రం పోలేదు, ఎందుకంటే ఇది ఆ ద్రవం గుణంలోనే ఉంది. ఏబీఎస్ ఉన్న కొత్త కారుకీ ఇదే వర్తిస్తుంది.

ఆ కాగితం మీద తొమ్మిది ఐటమ్‌లు వద్దన్నాను కదా, వాటిలో ఇది చివరి లైను. 850 రూపాయలు. అబద్ధాల మధ్యలో ఒక నిజం ఉంటే అది కూడా అబద్ధంలాగే కనిపిస్తుంది. అక్కర్లేనివి అంటగట్టడం వల్ల జరిగే అసలు నష్టం ఇదే. డబ్బు పోవడం చిన్న విషయం. నమ్మకం పోయాక, నిజంగా కావాల్సింది చెప్పినా మనం వినం.

ఇప్పుడు నేను ఎలా తేల్చుకుంటున్నా

ప్రతి ఐటమ్‌కి మూడు ప్రశ్నలు. ఒకటి, ఇది ఏ సమస్యని ఆపడానికి? రెండు, ఆ సమస్య నా కారులో ఉందా, లేదా వచ్చే టైమ్ అయిందా? మూడు, కారుతో ఇచ్చిన పుస్తకంలో ఇది ఉందా? అదే కాగితాన్ని ఇలా మళ్లీ చదువుదాం.

ఇంజిన్ ఆయిల్, ఫిల్టర్ పుస్తకంలో ఉంది, గడువైంది, కాబట్టి చేయించాలి. ఎయిర్ ఫిల్టర్‌ని విప్పి చూపించమనండి, దుమ్ము పట్టి ఉంటే మార్చండి. మాది పట్టే ఉంది, నేను చూడకుండానే వద్దన్నా. అలైన్‌మెంట్ కూడా అంతే, స్టీరింగ్ ఒక పక్కకి లాగుతున్నా, టైరు ఒక అంచున అరుగుతున్నా చేయించాలి. మా టైర్లు అరుగుతున్నాయి. బ్రేక్ ఆయిల్ సంగతి చెప్పాను.

ఇంజిన్ ఫ్లష్ మా పుస్తకంలో లేదు. ఆయిల్ టైమ్‌కి మారుస్తుంటే కడగాల్సిన మడ్డి పేరుకోదు. ఇంజెక్టర్ క్లీనింగ్, త్రాటిల్ బాడీ క్లీనింగ్ అనేవి బండి జెర్క్ ఇస్తుంటే, ఐడిల్‌లో ఆగిపోతుంటే చేయించే పనులు. ఏ ఇబ్బందీ లేకపోతే వద్దు. ఏసీ వాసన వస్తుంటే ముందు క్యాబిన్ ఫిల్టర్ మార్చి చూడండి, చాలా కార్లలో గ్లవ్ బాక్స్ వెనకే ఉంటుంది, మనమే మార్చుకోవచ్చు. టెఫ్లాన్ అందం కోసం, బండి నడవడానికి దాంతో సంబంధం లేదు. అండర్ బాడీ కోటింగ్ మాత్రం ఊరిని బట్టి. విశాఖలోనో కాకినాడలోనో సముద్రపు గాలికి రోజూ బయట నిలబడే బండి అయితే ఆలోచించొచ్చు. హైదరాబాద్‌లో సెల్లార్‌లో ఉండే బండికి నేను చేయించను.

లెక్క చూడండి. 3,100, 450, 1,100, 850. మొత్తం 5,500. వాళ్లు అడిగిన 18,400 తప్పు. నేను ఇచ్చిన 3,100 కూడా తప్పే.

కాగితం మీద లేకపోయినా పుస్తకంలో చూసుకోవాల్సినవి ఇంకో రెండు. మొదటిది టైమింగ్ బెల్ట్. 1962లో జర్మనీలో గ్లాస్ అనే కంపెనీ కారుతో రబ్బరు టైమింగ్ బెల్ట్ మొదలైంది. మీ కారులో చైన్ కాకుండా బెల్ట్ ఉంటే, పుస్తకంలో రాసిన కిలోమీటర్లకి మార్చాల్సిందే. అది తెగితే చాలా ఇంజిన్లలో వాల్వులు పిస్టన్‌కి తగిలి వంగిపోతాయి, ఇంజిన్ విప్పాలి. రెండోది కూలెంట్. పాత రకం రెండేళ్లకే మార్చాలి. 1990ల మధ్యలో వచ్చిన కొత్త రకాలు అయిదేళ్ల దాకా పనిచేస్తాయి. మీ కారులో ఏది పోశారో తెలియకుండా రంగు చూసి వేరేది కలపకండి.

సర్వీసింగ్‌కి వెళ్లినప్పుడు అడ్వైజర్‌తో గొడవ అక్కర్లేదు. "అన్నా, పుస్తకంలో ఈ కిలోమీటర్లకి రాసినవి మాత్రం చేయండి. వేరే ఏదైనా కావాలంటే ఆ పార్టు చూపించండి" అనండి. మార్చిన పాత పార్టులు ఇచ్చేయమని జాబ్ కార్డు మీదే రాయించండి. నేనైతే ఈ రెండు మాటలు అన్నప్పటి నుంచి కాగితం చిన్నదైంది. బిల్లు నిజంగా అన్యాయంగా ఉంటే వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబర్ 1915.

కిందటి నెల మళ్లీ సర్వీసింగ్‌కి ఇచ్చాం. ఈసారి నాన్న కూడా వచ్చాడు. అడ్వైజర్ లిస్టు చదువుతుంటే నాన్న ఒక్కటే అడిగాడు, "బ్రేక్ ఆయిల్ ఎప్పుడు మార్చారు బాబూ?" అని. అతను కంప్యూటర్‌లో చూసి "ఇంకా నాలుగు నెలల టైమ్ ఉంది సార్, ఇప్పుడు వద్దు" అన్నాడు. తన టార్గెట్‌కి ఇంకో 850 కలుపుకోవచ్చు, కలుపుకోలేదు. అతని పేరు రాసుకున్నా, మళ్లీ వెళ్తే అతన్నే అడుగుతా.

ఈ వీడియో అయిపోగానే మీరు చేయాల్సింది ఒక్కటే. కారు దగ్గరికి వెళ్లి గ్లవ్ బాక్స్‌లో ఆ పుస్తకం తీయండి, ప్లాస్టిక్ కవర్ కూడా చింపని వాళ్లు చాలామంది ఉంటారు. అందులో సర్వీస్ షెడ్యూల్ పేజీని ఫోన్‌లో ఒక ఫొటో తీసి పెట్టుకోండి. ఇంట్లో నాన్న బండి నడుపుతుంటే ఆయన ఫోన్‌కి కూడా పంపండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఘాట్‌లో దిగేటప్పుడు మాత్రం సెకండ్ గేర్ మర్చిపోకండి. ఉంటా మరి.